జారని కళ్లజోడు

ముఖాన్ని కొలుచుకుని తమంతట తామే బిగుసుకునే కళ్లజోళ్లు తుని దాకా వచ్చాయి. పూరీల కొట్టు సన్యాసిరాజు కూడా ఒకటి కొన్నాడు.

ఇదివరకు చేతుల నిండా పిండి ఉండగా జోడు జారితే, మాటల్లేని రోజుల్లో కూడా, భార్య నూకరత్నమే వేలితో పైకి తోసేది. ఇప్పుడు అలవాటుకొద్దీ వేలు చాపి, వెనక్కి తీసుకుంది.

"ఇంక నాతో పనేటుంది?" అంది.

సన్యాసిరాజు కళ్లజోళ్ల షాపుకెళ్లి వదులు చెయ్యమన్నాడు.

"అలా కుదరదండి. వదులు చేసినా దానంతటదే బిగిసిపోద్ది," అంది షాపులో అమ్మాయి. "అయినా మీ మొహానికి సరిగ్గా సరిపోయింది కదండీ?"

"అదేనమ్మా వచ్చిన చిక్కు."

మర్నాడు పిండిలో చెయ్యి పెట్టే ముందు, ముక్కు మీద ఇంత నూనె రాసుకున్నాడు. జోడు బిగుసుకుంది, మళ్లీ బిగుసుకుంది, చివరికి జారింది. నూకరత్నం ఆ నూనె చూసింది. వేలు చాపింది.