చేతికి పని

“దొంగ ఏషాలు సార్ ఇవి. మగ్గం మీద చెయ్యి వణకదు. ఖాళీగ కూసుంటెనే వణుకుతది,” అంది ఆండాళు.

డాక్టర్ లియాఖత్ అలీ ఆమె భర్త సిద్దిరాములు కుడిచేతిని మోకాలి మీద పెట్టించాడు. బొటనవేలు చూపుడువేలిని రాసుకుంటూ, తెగిన పోగును అతుకుతున్నట్టు కదలసాగింది.

“మగ్గం మీద నాడె ఎట్ల ఇసురుతవో చూపించు,” అన్నాడు డాక్టర్.

చెయ్యి లేచింది. వణుకు ఆగింది.

“చూసిన్రా? అందుకే రెండేండ్ల సంది పొద్దుగూకేదాక మగ్గం దిగనియ్యలే. పనే మందనుకున్న.”

“పార్కిన్సన్స్ తీరే గంతమ్మా. పనిల ఉన్నంతసేపు వణుకు అణిగుంటది, రోగం తగ్గినట్టు గాదు. మన ఒంట్ల కణం కణంల సత్తువ పుట్టించే చిన్న పొయ్యిలుంటయి. మైటోకాండ్రియా అంటరు. ఈయన మెదడుల ఒక్క జాగల అవి చల్లారుతున్నయి. ఆ జాగల కణాలు చచ్చిపోతున్నయి.”

“మళ్ల రాజేయరాదా సార్?”

“రాజేసే మందు లేదు. గోళీలతోని కొన్నేండ్లు నెట్టుకురావొచ్చు.”

మోత్కూరు బస్సు కోసం ఇద్దరూ బస్టాండు అరుగు మీద కూర్చున్నారు. సిద్దిరాములు తువ్వాల కొసల్లో దారాలు లాగి, ఒక్కొక్కటే పురి పెడుతున్నాడు.

“ఏం చేస్తున్నవ్?”

“చేతికి పని ఉండాలె గదనే. లేకుంటే కోపం చేస్తవ్.”

ఆండాళు అతని వేళ్లలోంచి తువ్వాలను మెల్లగా తీసేసుకుంది. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. అతను దాన్ని తొడ కింద దాచబోయాడు.

“ఉండనియ్యి,” అంది.

బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు.