పదకొండు నిమిషాల ఎండ

ఎదుటి బిల్డింగ్ గోడలో, పాత ఏసీ పైపు తీసేసిన కంతలోంచి పసుపు ముక్కు ఒకటి బయటికొచ్చింది.

మేడ మీద ఆరేసిన దుప్పటి వెనక టైంకీపర్ ఊపిరి బిగబట్టాడు.

బస్ డిపోలో ముప్పై రెండేళ్లు ఒక్క బస్సునూ నిమిషం ఆలస్యంగా వదలని మనిషి. రిటైరై ఆరేళ్లయినా ఆ పేరు పోలేదు, ఆ అలవాటూ పోలేదు.

సరిగ్గా ఆరూ యాభైకి రెండు బిల్డింగుల సందులోంచి ఎండ ఆ కంత మీద పడుతుంది. పదకొండు నిమిషాలు ఉంటుంది. పంతొమ్మిది రోజులు కూచుని నోటుబుక్కులో రాసుకున్న లెక్క అది.

కెమెరా స్టాండు మీద ఉంది. గురి కంత మీద. రిమోటు చేతిలో. పిట్ట బెదరకుండా తను దుప్పటి చాటున.

మూడు గోరింక పిల్లల్లో మొదటిది మబ్బు పట్టిన రోజు ఎగిరిపోయింది. రెండోది అతను బ్యాటరీ మారుస్తుంటే.

మిగిలింది ఇదొక్కటే.

"బావగారూ, నా దుప్పటి తీసుకోవచ్చా?"

కింది వాటాలో ఉండే మరదలు, టీచరు. బడికి వెళ్లే తొందరలో బకెట్టుతో వచ్చింది.

"ష్! ఇంకో నాలుగు నిమిషాల్లో ఎగురుతుంది."

"ఎవరు చెప్పారు? డ్యూటీ ఎక్కేముందు మీ దగ్గర సంతకం పెట్టిందా?"

"నీకు దండం పెడతాను, కాసేపు మాట్లాడకు."

మరదలు గొంతు తగ్గించింది. "మా అక్క ఉంటే ఈపాటికి పది ఫొటోలు తీసేసేది."

"తీసేది. పదింట్లోనూ మూలన వేలు అడ్డం."

మరదలు కిసుక్కుమంది. నిజమే. అక్క తీసిన ఏ ఫొటోలో చూసినా లోకం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, మూలన ఒక వేలుంటుంది.

ఈ గూడు మొదట చూసిందీ ఆమే, రెండేళ్ల కిందట. "ఏమండీ, ఒక్కసారి రండి, తొంగి చూస్తున్నాయి" అని మేడ మీంచి కేకేసింది.

"వెలుగు చాలదు, రేపు చూద్దాం" అన్నాడు అతను.

ఆరూ నలభై తొమ్మిది.

కంతలోంచి తల వచ్చింది. మెడ వచ్చింది. ఎదురుగా తీగ మీద తల్లి గోరింక పురుగు కరుచుకుని ఊరిస్తోంది.

"వస్తోంది, వస్తోంది!" మరదలు అతని చొక్కా పట్టి లాగేస్తోంది.

ఎండ ఇంకా రాలేదు. ఒక్క నిమిషం ఆగవే తల్లీ, అని లోపల్లోపల బతిమాలాడు.

అది ఆగలేదు.

దూకింది. పడిపోయిందనుకునేలోపు రెక్కలు టపటపలాడించింది. సందు దాటింది, పిట్టగోడ దాటింది, తిన్నగా వచ్చి అతని కెమెరా మీదే వాలింది.

అతని వేలు రిమోటు నొక్కుతూనే ఉంది. కెమెరా ఖాళీ కంతను టకటకా ఫొటోలు తీస్తూనే ఉంది.

"బావగారూ! అటు కాదు, ఇటు, ఇటు! అయ్యో, నా ఫోను కింద ఉండిపోయింది!"

అతని చొక్కా జేబులో ఒకటుంది. అద్దం పగిలిన పాత ఫోను. ఇప్పుడు దానికి ఎవరూ ఫోన్ చేయరు. అయినా రోజూ చార్జింగ్ పెడతాడు. అలారం కోసమంటాడు.

తీశాడు. స్టాండు లేదు, లెక్క లేదు, ఎండ లేదు. దుప్పటి పక్కకి తోసి నొక్కేశాడు.

గోరింక పిల్ల తల వంచి అతన్ని ఎగాదిగా చూసింది. కెమెరా మీద రెట్ట వేసి, తీగ మీదున్న తల్లి దగ్గరికి తుర్రుమంది.

అప్పుడొచ్చింది ఎండ. ఖాళీ కంత మీదికి, ఆరూ యాభైకి.

ఇద్దరూ పిట్టగోడ పట్టుకుని పడీ పడీ నవ్వారు.

"ఏదీ, చూపించండి, చూపించండి!"

ఫొటో వంకరగా వచ్చింది. పిట్ట మాత్రం నిండుగా ఉంది, నోరు తెరుచుకుని. మూలన మసగ్గా ఏదో అడ్డం.

"మీ వేలే!" అని అరిచింది మరదలు. "ఇలా ఇవ్వండి, అంతవరకు కత్తిరించేస్తాను."

అతను ఇవ్వలేదు. ఫోను తెర మీద ఆ ఫొటోని వేలితో పక్కకి జరిపాడు. దీనికి ముందరి ఫొటో వచ్చింది.

రెండేళ్లనాటిది. అదే కంత. రెండు పసుపు ముక్కులు. మూలన ఒక వేలు.

మరదలు బకెట్టు కింద పెట్టింది.

"బాగా వచ్చింది," అన్నాడతను, ఆ ఫొటోతో.