గంట కొట్టాక పడిన నీళ్లు

“గంట కొట్టేశారు! చేతులెత్తండి!”

దోన్ ఓల్మేదో అరుపుకు వీధి పొడవునా బల్లల మీద కుంచెలు ఆగిపోయాయి. గ్వరాండా ఊళ్లో ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకునే కార్నివాల్ పండక్కి, ఈ పేట సంఘం పెద్దా ఆయనే, బొమ్మల పోటీకి తీర్పరీ ఆయనే. మీసం దువ్వుకుంటూ ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చి, చివరన తన ఇంటి ముందే ఉన్న సోయిలా బల్ల దగ్గర ఆగాడు.

“ఇదేంటమ్మాయ్?”

తెల్లటి దళసరి కాగితం. దాని మీద అక్కడక్కడా మట్టిరంగు నలకలు. అంతే.

“బొమ్మండీ” అంది సోయిలా. వీపున శాలువలో ఉన్న చంటివాడు ఆమె జడ పట్టుకుని లాగుతున్నాడు.

“బొమ్మా? ఉడికిన మొక్కజొన్న మీద మిరియాల పొడి చల్లినట్టుంది. మా వంటింట్లో కోళ్లు తొక్కినా ఇంతకన్నా మంచి బొమ్మ పడుతుంది!”

పక్క బల్ల దగ్గర ఆయన మేనల్లుడు ఫౌస్తో పకపకా నవ్వాడు. అతని బొమ్మ ఎప్పుడూ ఉండేదే. మంచు కొండ, కింద గడ్డి మేసే లామా. పోయినేడు గెలిచిందీ ఆ కొండే, ఆ లామానే.

పక్కింటి దిగ్నా ఆగలేకపోయింది. “అవి రంగు పలుకులండీ, దోన్ ఓల్మేదో! పొడిగా ఉన్నప్పుడు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నీళ్లు తగిలితే అప్పుడు చూడాలి వాటి సంగతి. చంటోడు పొద్దుట్నుంచీ ఒకటే గోల, పాపం దీనికి నీళ్లు చల్లే తీరిక ఎక్కడిది? ఒక్కసారి చిలకరించుకోనివ్వండి.”

“కుదరదు. గంట కొట్టాక బొమ్మ వేసినవాళ్లు కాగితం ముట్టుకోకూడదు, చుక్క నీళ్లు పోయకూడదు. అయినా పొడి చల్లి నీళ్లు పోస్తే బొమ్మయిపోతుందా? చెయ్యి చెప్పిన మాట రంగు వినాలి. అదీ బొమ్మంటే!”

“అయితే నాది లెక్కలోకి రాదా?” అంది సోయిలా.

“ఎందుకు రాదూ? తెల్ల కాగితం కింద వస్తుంది. భోంచేసి వచ్చి చెబుతా ఎవరు గెలిచారో.” ఆయన మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

గెలిచిన బొమ్మను ఊరేగింపు బండికి ముందు కడతారు. గెలిచినవాళ్లకు పేట భవనంలో మూలగది ఏడాది పాటు ఇస్తారు. సోయిలాకు బండి సంగతి పట్టదు, ఆ గది కావాలి. పాకే పిల్లాడున్న ఇంట్లో రంగు డబ్బా మూత తియ్యాలంటేనే ఆమెకు భయం. ఏ పలుకు ఎక్కడ రాలిందో, వాడు ఏ వేలు నోట్లో పెట్టుకున్నాడో అని పదిసార్లు నేల తుడిచి, ఇక బొమ్మ వద్దు ఏమీ వద్దు అని మూత పెట్టేస్తుంది. తలుపూ తాళమూ ఉన్న గది ఒక్కటి దొరికితే చాలు.

ఆమె శాలువ ముడి విప్పింది.

“దిగ్నక్కా, వీడిని కాస్త పట్టుకో. ఇటు కాదు, ఆ చూరు కిందికి వెళ్లి నిలబడు.”

పిల్లాడి నెత్తి మీద టోపీ సర్ది, బల్ల పక్కకు వచ్చి తల పైకెత్తింది. పైన బాల్కనీలో దోన్ ఓల్మేదో కుర్చీ లాక్కుంటున్నాడు.

“దోన్ ఓల్మేదో! గంట కొట్టి ఇంతసేపైంది. కార్నివాల్ పూట మీ బాల్కనీ కింద నేనింకా పొడిబట్టలతోనే ఉన్నానేంటండీ? భుజం నొప్పంట కదా?”

“ఎవరా కూసింది?”

“మీ మేనల్లుడే. మామయ్యకి సూపు గిన్నె ఎత్తడమే గగనంగా ఉందన్నాడు.”

“నేనెప్పుడన్నానూ!” అని ఫౌస్తో గొల్లుమన్నాడు.

“పైగా గురి కూడా పోయిందంట. బల్ల పక్కనున్న మనిషి కూడా ఆనదంట!”

వీధిలో ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలు పెట్టారు. గంట కొట్టేదాకా ఎవరి మీదా నీళ్లు పోయకూడదని ఒప్పందం. గంట కొట్టాక కూడా పొడిగా ఉన్న మనిషిని వదిలేస్తే గ్వరాండాలో మగాడికి పరువుండదు. దోన్ ఓల్మేదో లోపలికి పరిగెత్తాడు. పెద్ద బేసిన్‌తో తిరిగొచ్చాడు. మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

“కాచుకోవే!”

సోయిలా ఒక్క అడుగు పక్కకు వేసింది.

నీళ్లు గాల్లోనే చెదిరి, జల్లై కాగితం మీద కురిశాయి. నలక నలకా పేలింది. ఒకటి ఊదా, ఒకటి బంతిపూల పసుపు, ఒకటి ఆకుపచ్చ. ఒకదానిలోకి ఒకటి దూకి, పాకి, పొంగాయి. వీధి వీధంతా బల్ల చుట్టూ మూగింది. “అమ్మో! అమ్మో!” అంటూ ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూశారు.

“రద్దు! గంట కొట్టాక నీళ్లు పడ్డాయి!” పైనుంచి కేక.

“పోసిందెవరండీ?” దిగ్నా చూరు కింద నుంచే అందుకుంది. “బొమ్మ వేసినవాళ్లు పోయకూడదన్నారు. తీర్పు చెప్పేవాళ్లు పోయకూడదని అన్లేదే!”

నవ్వులతో వీధి దద్దరిల్లింది. దోన్ ఓల్మేదో ఎర్రబడ్డ మొహంతో కిందికి దిగివచ్చాడు.

“సరే, నీళ్ల మాట వదిలేస్తా. కానీ ఇది గుడ్డెద్దు చేలో పడ్డట్టే కదా! నీళ్లు ఎటో పడ్డాయి, రంగులు ఎటో పాకాయి. ఇందులో ఈ పిల్ల అనుకుని వేసింది ఇసుమంతైనా ఉంటే చూపించండి, గది తాళం ఇప్పుడే ఇచ్చేస్తా!”

సోయిలా తడిసిన చేతులు పావడాకు తుడుచుకుని పిల్లాణ్ణి ఎత్తుకుంది.

“రంగు కాస్త సర్దుకోనివ్వండి” అంది.

పొద్దున్న తెల్ల కాగితం మీద తెల్ల కొవ్వొత్తితో గీసిన చోటల్లా ఇప్పుడు రంగు అంటక జారిపోతోంది. ఊదా, పసుపుల నడుమ తెల్లటి గీతలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. ముందు బాల్కనీ కమ్మీలు కనిపించాయి. వాటి వెనక ఒక మనిషి, ఆ మనిషికి నిక్కబొడుచుకున్న మీసాలు.

ఆ మీసాల మనిషి రెండు చేతుల్లోనూ, వీధి మీదికి బోర్లించిన పెద్ద బేసిన్!