ఒక్క మచ్చ లేకుండా

హెర్వాసియో బేకరీ పొయ్యిలో తల దూర్చి మసి గీకుతున్నాడు. గీకిన మసినంతా బకెట్లో వేసి, ఆలివ్ నూనె పోసి, కర్రతో తిప్పుతున్నాడు. ఆగస్టు నుంచీ ఇదే వరస.

"ఊరంతా మామూలు రంగుతో సరిపెట్టుకుంటుంటే నీకీ మసి ఎందుకు నాన్నా?" అంది కూతురు కసిల్డా.

"ఆ రంగు ఒక్క స్నానానికి పోతుంది. వాడికి వారం దాకా వదలకూడదు."

వాడంటే తొర్కువాతో. గ్వాదిస్ కుర్రాడు. చేసుకుంటే అతన్నే చేసుకుంటానని కసిల్డా మొండికేసింది.

తమ ఊరు బాసాకీ, పక్కూరు గ్వాదిస్‌కీ మధ్య తగువు ఈనాటిది కాదు. కరుణామాత విగ్రహం దొరికింది బాసా మట్టిలో, తవ్వి తీసింది గ్వాదిస్ కూలీ. అమ్మ మాదంటే మాదని తాతల తాతలనాడు మొదలైన పోరు. అందుకే ఏటా సెప్టెంబరులో గ్వాదిస్ నుంచి ఒక మనిషి రంగురంగుల అతుకుల బట్టలేసుకుని బాసాకి వస్తాడు. అతన్ని కాస్కమొర్రాస్ అంటారు. ఒంటిమీద ఒక్క మచ్చ పడకుండా చర్చికి చేరితే అమ్మను తీసుకుపోవచ్చు. చేరనివ్వకుండా బాసా మొత్తం నల్లరంగు పట్టుకుని దారికడ్డం నిలబడుతుంది. ఇంతవరకూ శుభ్రంగా చేరినవాడు లేడు. ఉత్తచేతులతో వెనక్కి పోతే సొంత ఊరివాళ్లు మళ్లీ రంగు పులుముతారు.

ఈ ఏడు ఆ వేషం తొర్కువాతోది.

జూలైలో అతను పిల్లనడగడానికి వచ్చినప్పుడు హెర్వాసియో కూర్చోమని కూడా అనలేదు. రొట్టెల బల్లకి అటువైపు నిలబెట్టే మాట్లాడాడు. "సెప్టెంబరులో ఎలాగూ వస్తున్నావుగా. ఒక్క మచ్చ లేకుండా చర్చికి చేరు, పిల్లను తీసుకుపో. మచ్చ పడిందా, మళ్లీ ఈ వీధి తొక్కకు" అన్నాడు. తొర్కువాతో సరేనని వెళ్లిపోయాడు. ఇవ్వనని చెప్పడానికి ఇంత డొంకతిరుగుడు హెర్వాసియోకే చెల్లింది.

ఈ సంగతి వీధంతా పాకింది. రొట్టెలకొచ్చిన ప్రాక్సెదెస్ ఊరుకుంటుందా. ఏ సెప్టెంబరులోనైనా నువ్వు బయటికొచ్చావా, షట్టరు దించుకుని లోపల కూర్చునేవాడివి కదా, ఈసారి ఏం పుట్టింది అని గుచ్చింది. హెర్వాసియో రొట్టె సంచి ఆమె ముందు విసిరినట్టు పడేశాడు. బోర్డు మీద ఇప్పటికీ మామగారి పేరే ఉన్న ఆ బేకరీలో అంతటి మర్యాద ఎన్నడూ జరగలేదు.

పండగ ముందురోజు కసిల్డా ఇక ఉండబట్టలేకపోయింది. "ఊళ్లోవాళ్లు కాదన్నారంటే అర్థముంది. నువ్వు కూడానా నాన్నా?"

హెర్వాసియో కర్ర తిప్పడం ఆపాడు. "అక్కడికి పోతే నువ్వు మళ్లీ రావు."

"గ్వాదిస్ ఏమన్నా సముద్రాలవతల ఉందా? బస్సెక్కితే గంట పట్టదు."

"దూరంతో పని లేదు. పోయినవాళ్లు రారు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే అమ్మానాన్నల చావుకి కూడా చేరలేరు. నాకు తెలుసు."

పిండి పిసుకుతున్న భార్య అంగుస్తియాస్ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ పిసకసాగింది.

మర్నాడు సాయంత్రం ఊరి బయట గుట్టమీద ఇసకేస్తే రాలనంత జనం. అందరూ అప్పటికే తారుబొమ్మల్లా ఉన్నారు. హెర్వాసియో పక్కనున్న కుర్రాళ్లకి పని పురమాయిస్తున్నాడు. "కళ్లలో పడనివ్వకండి, రాత్రంతా కారం కొట్టినట్టుంటుంది. చెవుల వెనక పట్టించండి, అక్కడైతే ఓ పట్టాన వదలదు." ఈయనకి ఇంత అనుభవం ఎక్కడిదని వాళ్లు నవ్వుకున్నారు.

బాణసంచా పేలింది. తొర్కువాతో పరుగందుకున్నాడు. పది అడుగులు పడ్డాయో లేదో హెర్వాసియో అడ్డంగా వచ్చి, కాలరు పట్టుకుని, బకెట్టు మొత్తం నెత్తిన బోర్లించాడు.

"అయిపోయింది. ఇక వెనక్కి పో."

"చర్చి దాకా పోయే హక్కు నాకుంది" అన్నాడు తొర్కువాతో. కళ్లు తుడుచుకుని, అతని చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు. వెనక జనం ఎన్ని చేతులతో పులిమారో లెక్క లేదు. హెర్వాసియోకి అవేవీ అక్కర్లేదు. ఖాళీ బకెట్టు ఊపుకుంటూ ఇంటికొచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని, తెల్లటి ఏప్రాన్ కట్టుకున్నాడు.

చీకటి పడకముందే తలుపు చప్పుడైంది. గుమ్మంలో తొర్కువాతో. అతుకుల బట్టల రంగులేవో, మనిషేదో తెలియడం లేదు. తండ్రి వెనక నిలబడ్డ కసిల్డాకి ఏడుపు ఆగడం లేదు.

"ఓడిపోయాను. మీ మాట ప్రకారం ఈ వీధి తొక్కకూడదు. అయినా తొక్కాను" అన్నాడు అతను. "ఇంకోసారి అడగడానికి వచ్చాను."

"ఏ మొహం పెట్టుకుని అడుగుతావు? అసలు నీకు మొహం ఉన్నట్టు కనబడితేగా" అంటూ హెర్వాసియో రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టాడు.

అంగుస్తియాస్ లోపల్నుంచి నూనె సీసా, పాత గుడ్డ పట్టుకొచ్చింది. మొగుడి చేతికింద నుంచి దూరి బయటికి పోయి, కుర్రాడి తల వంచి, ముందుగా చెవుల వెనక నూనె రాయడం మొదలెట్టింది.

"నీకేమైనా మతి పోయిందా?" హెర్వాసియో గొంతు వీధి చివరిదాకా వినబడింది. "ఒళ్లంతా మసి పులుముకుని, ఉత్తచేతులతో గుమ్మంలో నిలబడ్డ గ్వాదిస్ కాస్కమొర్రాస్‌కి ఏ తండ్రి పిల్లనిస్తాడే?"

ఆమె తల కూడా తిప్పలేదు.

"మా నాన్న ఇచ్చాడు."