పన్నెండో నంబరు పుస్తకం

"ఐ షుడ్ హావ్ ఆన్సర్డ్ హిజ్ లెటర్."

భార్య సంచిలో దొరికిన నోటుపుస్తకంలోని ఆ వాక్యాన్ని వాచీలాయన మూడోసారి చదివాడు. వాచీల డబ్బాల్లో వచ్చే కాగితాలు చదివీ చదివీ ఆ మాత్రం ఇంగ్లీషు పట్టుబడింది. అతని ఉత్తరానికి జవాబు రాసి ఉండాల్సింది. ఎవడా 'అతను'? తన భార్యకు ఉత్తరం రాసిన మొనగాడెవడు?

కింద ఇంకోటి ఉంది. అతనితో వెళ్లిపోగలిగేదాన్నే. ఆ తర్వాతది మరీ ఘోరం. తొందరపడి ఈ పెళ్లికి ఒప్పుకోకుండా ఉండాల్సింది. అందులో పెళ్లి అన్న ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పు పడితే, ఎర్రసిరాతో ఎవరో శ్రద్ధగా దిద్దారు. ఇంగ్లీషు క్లాసు మేష్టారే అయ్యుంటాడు. అంటే వాడికీ తెలుసన్నమాట!

ఆదివారం కాబట్టి దుకాణం లేదు. భార్య డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఆమె బట్టల షాపులో ప్యాకింగ్ చేస్తుంది. ఇంగ్లీషు వస్తే కౌంటరులోకి మారుస్తామన్నారని, రెండు నెలల నుంచి సాయంత్రాలు క్లాసుకు వెళ్తోంది. క్లాసు సరిగ్గా వాచీల దుకాణం ఎదురుగా, మందుల షాపు మేడ మీద. కంట్లో భూతద్దం పెట్టుకుని వాచీలోకి చూడాల్సినవాడు, ఆ మెట్ల మీద ఎవరు ఎవరితో నవ్వుతూ దిగుతున్నారో చూస్తూ కూర్చున్నాడు. ఈ రెండు నెలల్లో నాలుగు మరలు పోగొట్టాడు. ఆయన తీరే అంత. భార్య పాలవాడికి రెండు మాటలు ఎక్కువ చెప్పినా ఆ పూట అన్నం సయించదు.

ఖాళీ బకెట్‌తో ఆమె దిగి వచ్చింది.

"షుడ్ హావ్ అంటే ఏమిటి?" ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"చెయ్యాల్సింది, కానీ చెయ్యలేదు అని. అయిపోయినదాని గురించి బాధపడటానికి వాడతారు."

"బాధపడటానికి ఇంగ్లీషు దేనికి? తెలుగు చాలదా?"

"తెలుగులో బాధపడితే ఇంట్లోవాళ్లకి తెలిసిపోదూ!" అని నవ్వింది.

ఆ నవ్వుకు ఆయన ఒళ్లు మండిపోయింది. వీపు వెనక దాచిన పుస్తకం తీసి ఆమె ముఖం మీద పెట్టినంత పని చేశాడు.

"ఎవడు వాడు?"

"ఎవరు?"

"ఈ ఉత్తరం రాసిన మహానుభావుడు! పదిహేనేళ్లుగా నాకు అన్నం పెడుతూ, మనసులో వాడికి జవాబులు రాసుకుంటున్నావా? నాకంటే ఎందులో గొప్ప? పొడుగా? చదువుకున్నాడా?" బట్టతల తడుముకున్నాడు. "జుట్టుందా?"

ఆమె పుస్తకం అందుకుని చూసింది. స్టూలు మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఇది నా పుస్తకమే కాదు! రాత చూసి పోల్చుకోలేరా?"

"నీ ఇంగ్లీషు రాత నేనెప్పుడు చూశాను?"

"వారం వారం పక్కవాళ్లతో పుస్తకాలు మార్చుకుని ఇంటికి తెచ్చుకుని దిద్దాలి. ఇది బేకరీ ఆవిడది. ఆ ఎర్రసిరా నాదే. అట్ట మీద నంబరు చూడండి, పదకొండు. నాది పన్నెండు, ఆవిడ దగ్గరుంది."

వాచీలాయనకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గు దాచుకోడానికి ఇంకో ప్రశ్న వేశాడు.

"ఆవిడ నిజంగానే రాసిందా, కల్పించిందా?"

"కల్పించకూడదన్నారు మేష్టారు. సొంత పొరపాట్లే రాయాలట, అప్పుడే వాక్యం మనసులో నాటుకుంటుందని."

"మరి నువ్వేం రాశావు?"

"నేనా?" ఆమె బకెట్ బోర్లించింది. "పాలు పొంగకముందే దించాల్సింది. గొడుగు పట్టుకెళ్లాల్సింది. అలాంటివే."

ఆయన మనసు తేలికపడింది. ఆ తేలికలోనే, ముఖం కూడా ఎరగని బేకరీ ఆయన మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. తెల్లవారకముందే లేచి పొయ్యి ముందు మాడే మనిషి. ఇంట్లో ఇలాంటి పుస్తకం ఉందని కూడా తెలిసుండదు. పిచ్చి మాలోకం.

"నేనే వెళ్లి ఇది ఇచ్చేసి, నీది పట్టుకొస్తాను," అన్నాడు.

"మీకెందుకు శ్రమ? రేపు క్లాసులో మార్చుకుంటాం."

"శ్రమేముంది, రెండు వీధులేగా."

"వద్దు, ఉండనివ్వండి. సెలవు రోజు కాస్త నడుం వాల్చండి."

ఇంతలా తన నడుం గురించి ఆలోచించే మనిషినా తను అనుమానించింది! అరిచినందుకు ఏదో ఒకటి చేసిపెట్టాలనిపించింది. ఆమె వంటింట్లోకి వెళ్లగానే పుస్తకం చంకలో పెట్టుకుని బయటపడ్డాడు. దారి పొడవునా, ఆ బేకరీ ఆయనతో నాలుగు మంచి మాటలు ఎలా కలపాలా అని ఆలోచించుకున్నాడు. ఒకడిని చూసి కుళ్లుకోకుండా నడవడం ఆయనకు కొత్తగా, హాయిగా ఉంది.

బేకరీలో అద్దాల కౌంటరు వెనక, చేతులకు పిండి అంటిన పెద్దమనిషి ఒకడు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్నాడు. ముందు ఒక నోటుపుస్తకం తెరిచి ఉంది. చేతిలో ఎర్రపెన్ను ఉంది.

"నమస్కారమండీ. మీ ఆవిడ పుస్తకం ఇచ్చి, మా ఆవిడది తీసుకెళ్దామని వచ్చాను. పన్నెండో నంబరు."

బేకరీ ఆయన తలెత్తాడు.

"మా ఆవిడకి దిద్దడం చేతకాదండీ. వారం వారం నా నెత్తినే పడేస్తుంది," అంటూ పెన్నుకు మూత పెట్టాడు. కళ్లజోడు పైకి తోసుకుని, "మీరేనా ఆవిడ భర్త?" అన్నాడు.

"నేనేనండీ," అన్నాడు వాచీలాయన, ఛాతీ విరుచుకుని.

బేకరీ ఆయన పుస్తకం నెమ్మదిగా మూసి, రెండు చేతులతో అందించాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, అప్పుడే దించిన బన్నులు నాలుగు కాగితం సంచిలో వేసి దాని మీద పెట్టాడు.

"ఎంతండీ?"

"ఉంచండి, పర్లేదు."

ఎంత మంచివాడు, పాపం అనుకుంటూ వాచీలాయన ఆయన కళ్లలోకి జాలిగా చూశాడు.

ఆ కళ్లలోనూ జాలే ఉంది.