గోడ మీద చేప మనిషి

“నీకు అన్నదమ్ములెందరు?” అని పైడయ్య మళ్లీ అడిగాడు.

భీముడు సున్నం తట్ట దించాడు. “ఎవులూ లేరని నిన్ననే సెప్పినాను గదా మేస్త్రీ.”

“తమ్ముడొకడు ఉండీవోడని సంతలో అన్నారు.”

“ఉండీవోడు. జొరమొచ్చి పోనాడు.”

పైడయ్య గోడ వైపు తిరిగాడు. అరకు లోయలో ఒక జమీందారు కట్టిస్తున్న బంగళా అది. గ్రీసు దేశంలో పాతకాలంవాళ్లు గుళ్ల మీద, సమాధుల మీద చెక్కిన సముద్రపు జంతువుల బొమ్మలను ఆయన కాగితాల మీద అచ్చు వేయించి తెచ్చాడు. వాటిని వసారా గోడకు గచ్చుతో ఉబ్బెత్తుగా తీర్చడం పైడయ్య పని. ముందు సగం గుర్రం, వెనక సగం చేప. కుక్క మూతికి పాము ఒళ్లు. నడుం దాకా మనిషి, కింద తోక.

పైడయ్యది భీమిలి వైపు. కొండ మీది ఊళ్లోంచి కూలికి వచ్చినవాళ్లందరి మొహాలూ చూసి, భీముణ్ణి ఏరి పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ప్రశ్నలే. మీ యమ్మ పేరేటి? మీ ఇల్లెక్కడ? పితూరీలో మీ ఊరోళ్లు ఎవరెవరు కలిశారు? సంతలో ముసలాళ్లకు పొగాకిచ్చి అవే అడిగాడని భీముడికి తెలిసింది. గచ్చు పని చేసేవాడికి ఇవన్నీ ఎందుకు?

తెల్లదొరల మీద కొండవాళ్లు చేసిన పితూరీ అణిగి మూడేళ్లయినా వేగులవాళ్లు తిరగడం మానలేదు. భీముడి తమ్ముడు సోంబరు పితూరీలో కలిసి, పోలీసులు ఊరు చుట్టిన రోజున అడవిలోకి పరుగెత్తాడు. ప్రతి సంత రోజూ తల్లి దేముడమ్మ అతని కోసం గెడ్డ ఒడ్డు రాతి మీద ఆనపబుర్రలో రాగి అంబలి పోసి వస్తుంది. మర్నాటికి బుర్ర ఖాళీ. ఆ ఊళ్లో చనిపోయినవాళ్లకు ఆకులో పెడతారు. కొడుక్కి ఆమె ఒక్కనాడూ ఆకు వేయలేదు. ఎవరడిగినా జ్వరంతో పోయాడని ఊరంతా ఒకే మాట చెబుతుంది.

ఆ పూట పైడయ్య చివరి చేప మనిషికి మొహం పెట్టాడు. భీముడు తట్ట అందించబోయి ఆగాడు. కుడి చెవి తమ్మె తెగి ఉంది. చిన్నప్పుడు ఎలుగుబంటి పీకిన సోంబరు చెవి అది.

“ఆ సెవేటి అలగుంది?”

“తాపీ జారింది.”

“కాయితంలో అందరికీ గడ్డాలున్నాయి. ఈడికేదీ?”

“సంద్రంలో మంగలి ఉండడా ఏటి?”

“నువ్వు సూసినావా సంద్రం?”

“సూసినాను. ఓడ మీద పని సేసినోణ్ణి.” పైడయ్య వెనక్కి తిరిగి అతని కళ్లలోకి చూశాడు. “నీకు తెలిసిన మొగంలాగుందా?”

“కొండోళ్ల మొగాలన్నీ మీకు ఒకేలాగుంటాయి,” అన్నాడు భీముడు.

మధ్యాహ్నం ఠాణా జవాను వరహాలరావు నీళ్ల కోసం వచ్చి గోడ ముందు నిలబడ్డాడు.

“ఈణ్ణి ఎక్కడో చూశానయ్యా. ఎవడు?”

“సంద్రపు దేముడు బాబూ,” అన్నాడు పైడయ్య.

“దేముడి చెవి ఎవడు కోశాడు?” అని వరహాలరావు నవ్వాడు. “రేపు ఇనస్పెక్టరుగారు ఇటే వస్తారు. ఆయనకీ చూపిద్దాం.”

జవాను మలుపు తిరిగేదాకా ఆగి భీముడు గునపం అందుకున్నాడు.

“ఏటి సేత్తన్నావు?”

“మొగం సెరిపేత్తాను. అడ్డు లే.”

“నా పని సెడగొడితే ఊరుకోను. ఆడు నీకేటవుతాడు?”

“వేగులోడివి నువ్వు. అందర్నీ అడిగి అడిగి మొగం గోడకెక్కించినావు. రేపు ఆళ్లకి సూపించి నా తమ్ముణ్ణి పట్టిత్తావు.”

అనేశాక గాని ఏమన్నాడో భీముడికి తెలియలేదు. గునపం ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

పైడయ్య గోడకు అడ్డం తప్పుకుని, తాపీ కింద పెట్టి, ఇసక కుప్ప మీద కూర్చున్నాడు.

“దేముడమ్మ కొడుకేనా?”

భీముడు గునపం దించకుండానే అతని వైపు తిరిగాడు.

“పోలీసులకి తన పేరు తప్పుగా సెప్పినాడంట. ఊరి పేరు నాకూ సెప్పలేదు. అరకు కొండలన్నాడు, అమ్మ పేరు సెప్పినాడు, అంతే. వొచ్చి అడిగితే నువ్వు జొరమన్నావు, ఊరంతా జొరమంది, మీ యమ్మ పేరు ఎవులూ సెప్పలేదు. ఆడు వేరే, నీ తమ్ముడు వేరే అనుకున్నాను. ఆడి మొగం గోడ మీద పెడితే ఆడి మనుసులెవులైనా పోలుత్తారని పెట్టినాను.”

గునపం నేల మీదికి దిగింది.

“నీతో మాటాడినాడా?” భీముడు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. “బాగున్నాడా? ఇప్పుడెక్కడున్నాడు?”

పైడయ్య చేతులకంటిన సున్నం వైపు చూసుకుంటూ చెప్పాడు.

“కాలాపానీ ఓడ మీంచి ఆడి శవాన్ని సంద్రంలోకి దింపింది నానే.”