అంకె తగ్గని మనిషి

“ఐసుగడ్డ పెట్టావేంటమ్మాయ్!” బల్ల మీద పడుకున్న శోభనాద్రి ఉలిక్కిపడ్డాడు.

“ఐసు కాదు, జెల్ తాతయ్యా. కదలకండి. కుడి చెయ్యి తలకింద పెట్టుకోండి,” అంది సుప్రియ నవ్వుతూ.

పక్కటెముకల మధ్య మిషన్ ఆనించింది. టక్, టక్... పదిసార్లు. తెర మీద అంకె వచ్చింది.

కాలేయం ఎంత గట్టిపడితే అంకె అంత పెద్దది. బందరులోని ఆ ఆసుపత్రిలో ఏడాదిపాటు ఓ కొత్త మందును పరీక్షిస్తున్నారు. మూడు నెలలకోసారి కొలత, కొలత కాగానే అందరికీ ఒకేలాంటి మాత్రల డబ్బా. సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో సుప్రియకే కాదు, డాక్టర్ ఆనందరావుకీ తెలియదు.

“మూడు నెలల్లో పదహారు నుంచి పన్నెండుకి దిగింది!” సుప్రియ చప్పట్లు కొట్టింది.

పెళ్లయి నెల కూడా కాలేదు. ఆమెకు ఏ చిన్న మంచి జరిగినా పండగే.

తర్వాత రోజా పడుకుంది. ఆమెదీ శోభనాద్రి ఊరే, కృత్తివెన్ను. రొయ్యల షెడ్డులో పని. ముప్పై ఏళ్లు నిండలేదు.

పదహారు కాస్తా పద్దెనిమిది అయింది.

రోజా లేచింది. ఏడుస్తున్న తన చంటిపిల్లని శోభనాద్రి ఒళ్లోంచి తీసుకుని జో కొట్టింది.

“అమ్మాయ్, మా రొయ్యల చెరువులకీ ఇలాగే చేస్తాం,” అన్నాడు శోభనాద్రి. “ఓ చెరువుకి కొత్త మేత, పక్కదానికి పాతది. నెల తిరిగాక వలేసి చూస్తే ఏది పనిచేసిందో తెలిసిపోద్ది. ఈ అంకె కూడా అంతేనా?”

“మనుషులు చెరువులు కాదు తాతయ్యా. ఒక్కరి అంకె చూసి ఏమీ చెప్పలేం.”

“అంతేలే,” అన్నాడు, పిల్ల వంక చూస్తూ.

ఆరో నెలలో అతని అంకె పదిహేను. రోజాది పద్నాలుగు.

తొమ్మిదో నెలలో అతనిది ఇరవై ఒకటి. రోజాది పది.

శోభనాద్రి కళ్లు పచ్చబడ్డాయి. సుప్రియకి ఒళ్లు మండింది.

“నిజం చెప్పండి తాతయ్యా. తాగుతున్నారా?”

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

“అప్పుడప్పుడూ. చెరువు గట్టున చలికి ఆగలేక.”

“సిగ్గుండాలి! మనవరాలి వయసుది, రోజాని చూసి నేర్చుకోండి. తాగేవాళ్లని ఇందులోంచి తీసేస్తారు, తెలుసా?”

శోభనాద్రి గాభరాగా లేచి కూర్చున్నాడు.

“తీసెయ్యకు తల్లీ. ఈ ఆఖరి డబ్బా ఒక్కటీ ఇప్పించు. నీ పసుపుతాడు పచ్చగా ఉండాలి.”

“మానేస్తారా మరి?”

“నీ మీదొట్టు.”

సుప్రియ డాక్టర్‌ని బతిమాలి డబ్బా ఇప్పించింది. కానీ ఫైల్లో మాత్రం రాసింది: ‘తాగుడు. నమ్మదగిన మనిషి కాదు.’

పన్నెండో నెలలో రోజా ఒక్కతే వచ్చింది.

అంకె ఏడు. సుప్రియ ఆమెను వాటేసుకుంది.

“తాతయ్యేరీ? మళ్లీ తాగి పడుకున్నారా?”

రోజా కళ్లొత్తుకుంది.

“పోయారు మేడం. పొట్టంతా నీరు పట్టేసింది.”

సుప్రియ నిట్టూర్చింది. “ఆ తాగుడు మానమని ఎంత చెప్పానో.”

“తాగుడా? తాతయ్యా?” రోజా తెల్లబోయింది. “ఎవరు చెప్పారండీ మీకు? కృత్తివెన్నులో ఎవర్నడిగినా చెప్తారు, చుక్క ముట్టి ఎరగరు.”

“మీకు చుట్టమా?”

“చుట్టమూ కాదు, పక్కమూ కాదండీ. ఆయనది దూరంగా చెరువు గట్టు మీద పాక. ఎవరూ లేరు. ఇక్కడికి రాబట్టే ఎరుక. చంకలో పిల్లతో నీకేం కుదురుతుందని, బస్సులో నా మాత్రల డబ్బా కూడా తన సంచిలోనే వేసుకునేవారు. సాయంత్రం మా ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. ‘ఒక్క పూట కూడా మానకు తల్లీ’ అని మరీ మరీ చెప్పి వెళ్లేవారండీ.”

నెల తర్వాత సీలు వేసిన జాబితా తెరిచారు. ఎవరికి మందు వెళ్లిందో, ఎవరికి ఉత్త మాత్ర వెళ్లిందో అందులో ఉంది.

మందు మింగినవాళ్ల అంకెలు దిగాయి. ఉత్త మాత్ర మింగినవాళ్లవి దిగలేదు. డాక్టర్ ఆనందరావు మొహం వెలిగిపోయింది.

“ఇద్దరి దగ్గరే లెక్క తిరగబడింది,” అన్నాడాయన. “పేర్లేమైనా తారుమారయ్యాయేమో, ఓసారి చూడమ్మా.”

సుప్రియ వేలు పెట్టి, పేరు పేరునా చదువుకుంటూ వెళ్లింది.

పేర్లు సరిగ్గానే ఉన్నాయి.

శోభనాద్రి పేరుకి ఎదురుగా మందు అనీ, రోజా పేరుకి ఎదురుగా ఉత్త మాత్ర అనీ ఉంది.